బడికీ కాలేజీకీ మధ్య గోడ: బందరు చెప్పే పాఠం

ఈ ఎపిసోడ్‌లో బందరు, గుడివాడ, దివిసీమల చదువుల చరిత్ర మాట్లాడుకుందాం. అయితే ఏ కాలేజీ ఎప్పుడు పెట్టారు అన్న జాబితా చదివి వదిలెయ్యను. ఒక ప్రశ్న పట్టుకుని వెళ్దాం.

పిల్లలు తామే ప్రశ్న వేసుకుని, తామే వెతికి, కొలిచి, జవాబు తేల్చుకునే చదువుని ఇప్పుడు అన్వేషణ పద్ధతి అంటున్నారు. ఈ పని సాగాలంటే ఇద్దరు కావాలి. పిల్లల్నీ, ఊరినీ ఎరిగిన హైస్కూల్ మాస్టారు ఒకరు. ఆ విషయంలో పరిశోధన ఎలా చెయ్యాలో తెలిసిన యూనివర్సిటీ మాస్టారు ఇంకొకరు. మన కృష్ణా తీరంలో వీళ్ళిద్దరూ కలిసి పనిచేశారా? చేయకపోతే ఎందుకు చేయలేదు?

1843 నుంచి మొదలుపెడదాం. రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ బందరులో ఒక బడి పెట్టాడు. అదే పెరిగి నోబుల్ కాలేజీ అయింది. అంటే బందరులో బడీ కాలేజీ వేరువేరుగా పుట్టలేదు, బడి కడుపులోంచే కాలేజీ వచ్చింది. ఇద్దరు మాస్టార్లూ కలవడానికి ఇంతకన్నా వీలైన చోటు ఏముంటుంది చెప్పండి?

కానీ 1857లో మద్రాసు యూనివర్సిటీ ఏర్పడింది. అప్పట్లో అది పాఠాలు చెప్పే సంస్థ కాదు, పరీక్షలు పెట్టే సంస్థ. బడి చదువు చివర రాసే మెట్రిక్యులేషన్ పరీక్ష కూడా యూనివర్సిటీదే. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. యూనివర్సిటీకీ, బందరు బడికీ మధ్య ఉన్న తాడు ఒక్కటే, ప్రశ్నపత్రం. ప్రశ్నలు వేసేది మద్రాసులో, జవాబులు బట్టీ పట్టేది బందరులో. పిల్లవాడు ప్రశ్న అడిగే చోటు ఆ ఏర్పాటులో ఎక్కడా లేదు.

అంత ఇరుకులోనూ బందరు హిందూ హైస్కూల్లో ఒక తెలుగు పండితుడు ఉండేవారు, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు, దివిసీమ పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి, వీళ్ళంతా ఆయన శిష్యులే. లక్ష్మీకాంతం గారు తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు వెళ్ళారు. ప్రభాకరశాస్త్రి గారు తాళపత్రాలు తిరగేసి, పాఠాలు సరిపోల్చి, తెలుగు పరిశోధనకే ఒక దారి వేశారు. బడి పంతులు దగ్గర రాజుకున్న నిప్పు అది. అయితే అదంతా ఒక గురువు గొప్పతనం మీద నడిచింది గానీ, ఒక ఏర్పాటు మీద కాదు. గురువు మారితే కథ మారిపోతుంది.

ఏర్పాటుగా చేయాలని చూసింది ఆంధ్ర జాతీయ కళాశాల. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాక జాతీయ విద్య మాట ఇక్కడ బాగా నాటుకుంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు బందరులో ఈ కళాశాల పెట్టారు. పుస్తకాల చదువు పక్కనే చేతిపనులు, యంత్రాల పని, చిత్రకళ పెట్టారు. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చి బొమ్మలు వెయ్యడం నేర్పారు. జాతీయ జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య గారూ అక్కడ అధ్యాపకులే. కంబోడియా పత్తి మీద చేసిన పరిశోధనకి జనం ఆయన్ని పత్తి వెంకయ్య అని పిలిచేవారు. చేలో ప్రయోగం చేసే మనిషి తరగతిలో పాఠం చెప్పడం అంటే అదీ.

మరి అది ఊరూరా ఎందుకు పాకలేదు? సర్కారు పరీక్షకి బయట నిలబడ్డ చదువు అది. పట్టాకి ఉద్యోగం ఉంది, ప్రశ్నకి లేదు. తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేం.

ఇంకో చిక్కు దూరం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరు వెళ్ళిపోయింది. గుడివాడలో 1950లో కాలేజీ వచ్చింది, అక్కినేని నాగేశ్వరరావు గారి పేరు పెట్టుకుంది. కాలేజీలు వచ్చాయి గానీ యూనివర్సిటీ దగ్గరికి రాలేదు. 1976లో గుంటూరు పక్కన నాగార్జున యూనివర్సిటీ, చివరికి 2008లో బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం. నోబుల్ బడి నుంచి లెక్కేస్తే 165 ఏళ్ళు పట్టింది.

ఇదంతా మన దేశంలో జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. జరిగింది. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి బడుల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులూ, టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ వచ్చి బడి మాస్టార్లతో కలిసి కూర్చున్నారు. ప్రయోగాలు కలిసి చేశారు, పుస్తకాలు కలిసి రాశారు. అన్నిటికన్నా ముఖ్యం, పరీక్షని మార్చారు. పుస్తకం తెరిచి పెట్టుకునే రాయొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. మనం ఇందాక అనుకున్న తాడుని వాళ్ళు అక్కడ కోశారు. తర్వాత ఆ పద్ధతి జిల్లా అంతా పాకింది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. అయినా 30 ఏళ్ళు నడిచిందంటే చిన్న విషయం కాదు.

1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా ఆ దారిలోదే. పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, మాస్టారి సాయంతో పరిశీలించి, తమ భాషలోనే చెప్తారు. కాకపోతే అది ఆసక్తి ఉన్న కొద్దిమందికి. నేనడిగేది రోజూ జరిగే తరగతి గురించి.

దీనివల్ల ఒరిగేదేంటి అంటారా? దివిసీమ వైపు చూడండి. 1864 నవంబరు 1న బందరు మీదకి ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. 113 ఏళ్ళ తర్వాత, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్ళు పదివేల దాకా. అలల ఎత్తు ఐదు మీటర్లు దాటింది.

ఈ రెండు తేదీలూ బట్టీ పడితే రెండు మార్కులు. అదే నాగాయలంక హైస్కూల్ పిల్లలు తమ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పెద్దవాళ్ళని అడిగి గోడల మీద గుర్తులు పెట్టారనుకోండి. ఒక్కొక్కరు ఒక్కో ఎత్తు చెప్తారు. ఎవరి మాట నిజం? ఇక్కడ చరిత్ర మొదలైంది. ఊళ్ళో ఎవర్ని అడగాలో మాస్టారికి తెలుసు. సాక్ష్యాలు ఎలా సరిపోల్చాలో, నేల ఎత్తు ఎలా కొలవాలో యూనివర్సిటీ ఆయనకి తెలుసు. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చేస్తే మటుకు, ఈసారి తుఫాను వస్తే ఏ వీధి ముందు ఖాళీ చెయ్యాలో ఆ పిల్లలే చెప్పగలరు. 1977ని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఏటా తగ్గిపోతున్నారు. వాయిదా వెయ్యడానికి లేదు.

యూనివర్సిటీ ఇప్పుడు బందరులోనే ఉంది. దివిసీమకి బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. మిగిలింది రెండే. ఇలాంటి పనికి మార్కుల్లో చోటివ్వాలి, మాస్టార్లకి టైమ్‌టేబుల్లో తీరిక ఇవ్వాలి. జాతీయ కళాశాల ఆగిపోయింది పరీక్ష దగ్గరే, హోషంగాబాద్ గెలిచిందీ పరీక్ష దగ్గరే.

మీ ఊళ్ళో 1977 నీటి గుర్తు ఎక్కడుందో తెలిస్తే ముందు మీ బడి మాస్టారికి చూపించండి.