పత్తి నేలలో కాగితపు చేతిపని

చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు అనగానే, కాన్వెంటు బడులతోనో ఆ తర్వాత యూట్యూబుతోనో మన ఊళ్లకు వచ్చిన సరదా అని చాలామంది అనుకుంటారు. కాగితపు పట్టీలు చుట్టే క్విల్లింగ్ సూది, రంగు పట్టీలు, మెరుపు జిగురు, మందపాటి కార్డు షీట్లు చూస్తే అలా అనిపించడంలో వింత లేదు. అవన్నీ నిన్నమొన్నటి సరుకులే. అయితే కాగితాన్ని కత్తిరించి, మడిచి, అంటించి ఒక పండగకో శుభానికో సిద్ధం చేసే పని మాత్రం అద్దంకి చుట్టుపక్కల మెట్ట ఊళ్లకు పాతదే. పండగ వెళ్లిపోగానే చిరిగిపోయే వస్తువు కాబట్టి అది చరిత్ర పుస్తకాలకు ఎక్కలేదు, అంతే.

అద్దంకి అక్షరానికి పాత ఊరు. క్రీ.శ. 848 ప్రాంతపుదని పండితులు లెక్కగట్టిన పండరంగని శాసనంలో తరువోజ పద్యం రాతికెక్కింది ఇక్కడే. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎఱ్ఱన ఉన్నదీ ఈ ఊళ్లోనే. రాయి తర్వాత తాటాకు, గంటం. వీటి గురించి అందరూ చెబుతారు. కాగితానికి ముందు తెలుగు, కన్నడ దేశాల్లో నడిచిన కడితం సంగతి మాత్రం తక్కువమంది ఎత్తుతారు. నూలు గుడ్డకు చింతగింజల అంబలి పట్టించి, బొగ్గుపొడి పూసి, ఆరాక బలపంతో తెల్లగా రాసేవారు. చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. పొడవాటి గుడ్డను అటొకసారి ఇటొకసారి మడతలు వేసి పెడితే పుస్తకంలా విచ్చుకునేది. వర్తకుల లెక్కలు ఇలాంటి వాటిలో ఉండేవి. ఇవాళ కార్డులు చేసేవాళ్లు అకార్డియన్ మడత అని నేర్పేది సరిగ్గా ఆ మడతే. పత్తి పండే నేలకు మొదటి అట్ట పత్తిగుడ్డే కావడం సహజం.

కాగితం సుల్తానుల రాజ్యాలతో దక్కనుకు వచ్చింది. తెలంగాణలో కోరుట్ల, కోయిలకొండ చేతి కాగితానికి పేరుపడ్డాయి. పాత గోనె, జనుము, చిత్తు కాగితం నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, తొట్టిలో నుంచి జల్లెడ లాంటి చట్రంతో ఒక్కొక్క తావు తీయడం ఆ పని. కోస్తా మెట్ట పేరు ఈ పనికి ఎక్కలేదు. ఇక్కడి పత్తి రాట్నానికీ మగ్గానికీ పోయింది. కాగితం కొనుక్కోవలసిన వస్తువుగానే ఉండిపోయింది. రాజమండ్రి మిల్లు 1924లో, సిర్పూరు మిల్లు 1942లో పని మొదలుపెట్టాక సరఫరా పెరిగింది గానీ, మధ్యతరగతి ఇంట్లో కాగితం పారేసే వస్తువు కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. రాసేసిన నోటుబుక్కులు పచారీ కొట్టుకు పొట్లాల కింద వెళ్లేవి. అక్కడికీ పనికిరాని చిత్తును నానేసి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ ముద్దను బోర్లించిన బిందె మీద మెత్తేవారు. ఎండాక ఊడదీస్తే తట్ట. మెంతుల జిగురుకు గుజ్జు విడిపోదు, చేదుకు పురుగు పట్టదు. కాశ్మీరు వాళ్లు చేసే కాగితపు గుజ్జు పెట్టెలు దేశదేశాల దుకాణాల్లో అమ్ముడవుతుంటే, మన అమ్మమ్మల మెంతి తట్ట అటక దిగి రాలేదు.

కార్డు అనే మాటను అక్షరాలా తీసుకుంటే తెలుగునాట ఒక పెద్ద సంప్రదాయమే ఉంది: గంజిఫా ముక్కలు. తెలంగాణలో నిర్మల్, కర్నూలు సీమలో నొస్సం వీటికి ప్రసిద్ధి. గుండ్రటి ముక్కల మీద చేత్తో బొమ్మ వేసి మెరుగు పెట్టేవారు. మొగలు పద్ధతి ఆటకు 96 ముక్కలు, దశావతారాల ఆటకు 120. అచ్చు పేకలు చవకగా వచ్చిపడ్డాక ఆ కుంచెలకు పని పోయింది. అది జమీందార్ల, కొలువుల వినోదం. మెట్ట రైతు ఇంటికి దానితో సంబంధం లేదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

మెట్ట రైతు ఇంటికి తెలిసిన మొదటి కార్డు శుభలేఖ. పురోహితుడు లగ్నపత్రిక రాసి మూలలకు పసుపు అద్దితేనే అది శుభవార్త. భారతదేశంలో తపాలా కార్డు 1879 జూలై 1న, పావు అణా వెలతో వచ్చింది. పెళ్లి కబురు దాని మీదికి ఎక్కినా పసుపు చుక్క మానలేదు. తర్వాత ఊరూరా అచ్చు యంత్రాలు, బంగారు రంగు అక్షరాలు, కవరు మీద వినాయకుడు వచ్చాయి. బాపు బొమ్మా, బాపు అక్షరమూ లేని శుభలేఖ చిన్నబోయే కాలమూ వచ్చింది. అయినా ఇవాళ్టికీ ప్రెస్సు నుంచి కట్టలు ఇంటికి రాగానే, ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చుని ఒక్కో కార్డు మూలా పసుపుతో తడుపుతారు. వందల కార్డులకు వందలసార్లు. మిల్లులో చేసి యంత్రంలో అచ్చేసిన వస్తువు అక్కడ ఇంటి చేతి వస్తువు అవుతుంది. కార్డు మేకింగ్ తరగతుల్లో చివరి మెరుగు అని వేరే పాఠం చెబుతారు. మన ఇళ్లలో ఆ పాఠం ఎవరూ చెప్పకుండానే సాగుతోంది.

ఇక ఈ ప్రాంతపు కాగితపు పనిలో అన్నిటికంటే అందమైన అధ్యాయం, నా లెక్కలో, క్రిస్మస్ నక్షత్రానిది. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరులో దిగింది 1842లో. ఆ మరుసటి ఏడే లండన్‌లో హెన్రీ కోల్ అనే ఉద్యోగి, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి తొలి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. వెయ్యి ప్రతులు, ఒక్కోటి ఒక షిల్లింగు. అప్పట్లో అది కూలివాడి చేతికి అందే ధర కాదు. ఒంగోలుకు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో వచ్చాడు. 1878 జూలై 3న, కరువు గడిచాక, అద్దంకిని ఒరుసుకుని వచ్చే గుండ్లకమ్మ ఒడ్డునే వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పల్లెల్లో క్రిస్మస్ వచ్చింది. షిల్లింగు కార్డు రాలేదు. దాని బదులు వెదురు బద్దల నక్షత్రం వచ్చింది.

దాన్ని కట్టే పద్ధతి చూడండి. ఒకే పొడవు బద్దలు ఐదు, ఒకదాని మీద ఒకటి దాటేలా పేర్చి కొసలు కట్టేస్తే ఒక చుక్క. అలాంటివి రెండు చేసి, ఐదు కొసల దగ్గరా కలిపి బిగిస్తారు. లోపలి మూలల్లో జానెడు పుల్లలు అడ్డం పెట్టి పొట్ట ఉబ్బేలా నిలబెడతారు. పైన రంగు కాగితం, లోపల ఒకప్పుడు లాంతరు, కరెంటు వచ్చాక బల్బు. జర్మనీలో మొరేవియన్ శాఖ వాళ్ల కాగితపు నక్షత్రం 1830ల్లో ఒక బడిలో రేఖాగణితం పాఠంగా పుట్టింది. మన పల్లె కుర్రాడు కోణమానిని లేకుండా, కంటి కొలతతో ఐదు మూలలూ సరిపెడతాడు. రెండూ లెక్కలే. ఒకటి పుస్తకంలోది, రెండోది చేతిలోది.

రంగు కాగితం, వెదురు, జిగురు, ఈ మూడింటికీ మతం లేదు. పీర్ల పండగకు తాజియా కట్టేదీ వాటితోనే. మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు చుట్టుపక్కల ఊళ్లు కట్టుకెళ్లే ప్రభలు వందడుగుల దాకా లేస్తాయి. వెదురు, సరుగుడు చట్రం మీద గుడ్డ, రంగు కాగితం, తళుకులు, ఆ తర్వాతి కాలంలో విద్యుద్దీపాలు. అద్దంకి వాళ్లకు ఆ వేడుక ఇంకా దగ్గర. ఊరవతలి శింగరకొండ తిరునాళ్లలోనూ ప్రభలు నిలుస్తాయి. ప్రభ కట్టడమంటే వారాల తరబడి సాగే పని. బద్దలు చీల్చేవాళ్లు, కట్లు బిగించేవాళ్లు ఆరితేరినవాళ్లు. కాగితం పూలు కత్తిరించి అంటించే పని మాత్రం పిల్లలకు వదిలేసేవారు. ఈ ప్రాంతంలో తరతరాలకు కాగితపు పని నేర్పిన తొలి తరగతి గది అదే అంటాను.

రెండో తరగతి గది నిజంగా బడే. జర్మనీ విద్యావేత్త ఫ్రోబెల్ కిండర్‌గార్టెన్‌లో కాగితం మడవడం, అల్లడం, కత్తిరించడం పాఠాలుగా పెట్టాడు. ఆ గాలి మద్రాసు ప్రెసిడెన్సీకీ సోకింది. తండలం సుందరరావు అనే ప్రభుత్వోద్యోగి ఫ్రోబెల్ మడతల నుంచి ఊహ అందుకుని, వృత్తలేఖిని లేకుండా కాగితం మడతలతోనే రేఖాగణితం రుజువు చేసే ఇంగ్లీషు పుస్తకాన్ని 1893లో మద్రాసులో అచ్చు వేశాడు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని మెచ్చి ప్రస్తావించాక 1901లో షికాగోలో మళ్లీ అచ్చయింది. ప్రపంచంలో కాగితపు మడతల గణితం గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ పేరుతో మొదలుపెడతారు. మన లెక్కల పుస్తకాల్లో మాత్రం ఆయన అరుదుగానే కనిపిస్తాడు. ఇది సిగ్గుపడాల్సిన విషయమే.

గాంధీ 1937లో వార్ధాలో ముందుకు తెచ్చిన బునియాదీ విద్య చేతిపనిని చదువు నడిమధ్యకు తేవాలంది. ఆచరణలో అది వారానికొక క్రాఫ్టు పీరియడుగా మిగిలింది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం దానికి సామాజికోపయోగ ఉత్పాదక పని అని పెద్ద పేరు పెట్టింది. పేరు ఏదైనా పిల్లలు అసలు పని నేర్చింది జెండా పండగ ముందు రోజున. మూడు రంగుల కాగితాలు ముక్కోణాలుగా కోసి, పురికొస మీదికి మడిచి, మైదా ఉడకబెట్టిన జిగురుతో అంటించి, బడి ఆవరణ అంతా తోరణాలు కట్టడం. జిగురుకు పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపేవారు. మైదా లేని ఇంట్లో అన్నం మెతుకు, తుమ్మబంక, బంకనక్కెర కాయ. మెట్టలో తుమ్మచెట్టుకు కొదవ లేదు కదా!

అచ్చు గ్రీటింగ్ కార్డు ఊళ్లను ముంచెత్తింది ఆ తర్వాతే. అగ్గిపెట్టె లేబుళ్లతో మొదలైన శివకాశి అచ్చు పరిశ్రమ క్యాలెండర్లు, కార్డులు దక్షిణాదికంతటికీ పంపింది. ఢిల్లీలో కార్డుల కంపెనీ ఆర్చీస్ 1979లో మొదలైంది. ఎనభైలు, తొంభైల్లో డిసెంబరు ఆఖరు వారం బస్టాండు దగ్గర తాడు కట్టి సినిమా హీరోల కార్డులు వేలాడదీసేవారు. కవరు అంటించకుండా మూల బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ బిళ్ల సరిపోయేది. ఆ దుకాణాల ధరే ఇంట్లో కార్డుకు ఊపిరి పోసింది. కొనలేని పిల్లలు చేసుకున్నారు. డ్రాయింగు షీటు రెండుగా మడిచి, మడత నీటుగా పడాలని సిరా అయిపోయిన రీఫిలుతో ముందు గీత నొక్కి, ఆకు పరిచి దాని చుట్టూ టూత్‌బ్రష్‌తో రంగు చిమ్మేవారు. రావి ఆకును నీళ్లలో మురగబెట్టి, ఆకుపసరు కడిగేసి, మిగిలిన ఈనెల వల మీద బొమ్మ వేసి అంటించేవారు. ఆ కాలపు లిఖిత పత్రికల ముఖచిత్రాలూ ఈ చేతుల పనే. యునిసెఫ్ కార్డుల పరంపర 1949లో మొదలైంది కూడా చెకోస్లొవేకియాలో ఒక ఏడేళ్ల పిల్ల కృతజ్ఞతగా వేసి పంపిన బొమ్మతోనే.

సెల్‌ఫోను సందేశం అచ్చు కార్డును చంపింది. చేతి కార్డును చంపలేకపోయింది, ఎందుకంటే అప్పటికే దాని పని మారింది. కబురు చేరవేయడం దాని బాధ్యత కాదు. క్విల్లింగ్ పట్టీలు చుట్టి జుంకీలు, వాటితోనే పుట్టినరోజు కార్డులు, తెరిస్తే లేచి నిలబడే పెళ్లి పందిరి, పసుపు కుంకుమ పొట్లాలతో కలిపి ఇచ్చే చేతి శుభలేఖలు ఇప్పుడు ఆర్డరు మీద చేసేవాళ్లున్నారు. సరుకు మెరుగైంది, నేర్పూ పెరిగింది. ఒక్క తేడా మాత్రం గుర్తించాలి. ప్రభ ఊరిది, నక్షత్రం పేటది, తోరణం బడిది, శుభలేఖ ఇంటిది. కార్డు ఒక మనిషిది. హాబీ అనే పేరు వచ్చింది ఈ చివరి మలుపులోనే. కార్డు వెనక తన పేరు రాసుకునే వీలు మొదటిసారి దొరికింది, పక్కన కూర్చుని అంటించే పిల్లలు తగ్గారు. లాభమూ నష్టమూ రెండూ నిజమే.

ఇంకో చోద్యం ఉంది. మేలైన చేతి కాగితానికి ముడిసరుకు పత్తి. బనియన్ల మిల్లుల్లో మిగిలే గుడ్డ పేలికలను గుజ్జు చేసి రాజస్థాన్‌లోని సాంగనేరులో తీసే తావులు మన పట్టణాల్లో కార్డు కళాకారులు కొనుక్కుంటున్నారు. గాంధీ 1934లో పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘం చేతి కాగితాన్ని మళ్లీ లేవనెత్తితే పుణె, సాంగనేరు, పుదుచ్చేరి అందుకున్నాయి. జిన్నింగ్ మిల్లులూ నేతగాళ్లూ ఉన్న గుంటూరు, ప్రకాశం మెట్టలో ఒక తొట్టి, ఒక చట్రం పెట్టడానికి ముడిసరుకు ఇంటి ముందే ఉంది. ఎవరైనా పూనుకోవాలి.

అంతకుముందు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మీ ఇంట్లో పాత శుభలేఖలు, బడిలో చేసిన కార్డులు, లిఖిత పత్రికలు, ప్రభ ముందు దిగిన ఫొటోలు ఏవి మిగిలినా పారేయకండి. వెనకవైపు పెన్సిలుతో ఊరు, సంవత్సరం, చేసినవాళ్ల పేరు రాసి, దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.