వాపా, బలుపా?

వేలి కీలు లోపలి పొరలోనో, వేలిని ముడిచే టెండాన్ తొడుగు మీదనో మెల్లగా పెరిగే గట్టి గడ్డ ఒకటుంది. నొప్పి తక్కువ, ప్రాణభయం లేదు. ఇప్పుడు దాన్ని టీనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్ అంటున్నారు. తొడుగు మీద వచ్చే రకం చేతి సర్జన్లకు పాత పరిచయమే; కీలు పొరంతా పాకే రకమే చేతిలో బాగా అరుదు. దీని కథను మామూలుగా మూడు ముక్కల్లో చెప్పేస్తారు. 1852లో ఫ్రెంచి సర్జన్ షాసెన్యాక్ క్యాన్సర్ అని పొరబడ్డాడు, 1941లో న్యూయార్క్ వైద్యులు జాఫే, లిక్టెన్‌స్టైన్, సూట్రో వాపు అని పొరబడ్డారు, 2006లో జన్యువులు నిజం తేల్చాయి. మొదటి ముక్కతో నాకు పేచీ లేదు. రెండో ముక్క మాత్రం అన్యాయం.

1941 నాటి ముగ్గురూ చేసిన అసలు పని పేరు పెట్టడం కాదు, చుట్టరికం కలపడం. మోకాలి పొరలో జడలుకట్టిన పెరుగుదల, వేలి తొడుగు మీది ముడి ఒకే జబ్బుకు రెండు రూపాలని వాళ్లన్నారు. ఆ మాట ఈనాటికీ నిలిచింది. వాపు అని ఎందుకనుకున్నారో గడ్డను కోసి చూస్తే తెలుస్తుంది. కొవ్వు మింగిన కణాల వల్ల పసుపు, రక్తం కారి మిగిల్చిన ఇనుము వల్ల తుప్పు రంగు, మధ్యలో అనేక కేంద్రకాల పెద్ద కణాలు. మైక్రోస్కోపు కింద ఎక్కువగా కనబడేవి వాపులో చేరే మాక్రోఫేజ్ కణాలే. 1954లో పరిశోధకులు యంగ్, హుడాసెక్ కుక్కల కీళ్లలోకి పదేపదే రక్తం ఎక్కించి ఇలాంటి మార్పులే తెప్పించారు కూడా. అయితే ఏళ్ల తరబడి కీళ్లలో రక్తం కారే హీమోఫిలియా రోగుల్లో పొర తుప్పు రంగుకు తిరుగుతుందే గానీ ఈ ముడులు కట్టవు. కాబట్టి రక్తం కారడం కారణం కాదు, పర్యవసానం. రక్తమే కారణమన్న వాదం అక్కడ ఓడింది, ఒప్పుకోవలసిందే. కానీ 2006లో వెస్ట్ పరిశోధక బృందం ఏం చూపింది? ఒకటో క్రోమోజోము మీది సీఎస్ఎఫ్1 జన్యువు తెగి రెండో దానికి అతుక్కున్న కణాలు ఉన్నాయని. అవి గడ్డలో 2 నుంచి 16 శాతమేనని. తక్కినవి చాలావరకు ఆ జన్యువు వల్ల ఈ కణాలు వదిలే పిలుపు విని చేరినవి. మూలం బలుపే, అంటే సొంతంగా పెరిగే కణాలే అయినప్పుడు 1941 మాట తప్పేగా అంటారు. మూలం మాటకొస్తే తప్పే. కానీ వాళ్లు వర్ణించింది లేనిదాన్ని కాదు, గడ్డలో అత్యధిక భాగాన్ని. బలుపు పిడికెడు, వాపు గంపెడు.

ఇప్పటి మందులు పనిచేసేదీ ఆ గంపెడు మీదే: ఆ పిలుపు కణాలకు వినబడకుండా చేస్తాయి. వాటిలో ఒకటైన పెక్సిడార్టినిబ్‌ను 120 మందిపై పరీక్షించినప్పుడు మందు వాడినవారిలో 39 శాతానికి గడ్డ గణనీయంగా తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఒక్కరికీ తగ్గలేదు. 2019లో అమెరికా అనుమతించింది, కాలేయం దెబ్బతినవచ్చన్న తీవ్ర హెచ్చరికతో. 2020లో యూరప్ కాదంది. పరీక్షకు వచ్చినవారిలో ఎక్కువమంది మోకాలి రోగులు. ఆపరేషన్‌తో బాగుపడే వేలి ముడికి కాలేయాన్ని పణంగా పెట్టడం నాకు సబబుగా తోచదు. చేతి వరకు పాత పద్ధతులకే విలువ ఎక్కువ. టార్చి వెలుగు పెడితే నీటి తిత్తిలాంటి గ్యాంగ్లియన్ ఎర్రగా మెరుస్తుంది, ఈ గడ్డ మెరవదు. ఎంఆర్ఐలో ఇనుము నల్లగా కనబడుతుంది. తర్వాత చేతికి పట్టీ బిగించి రక్తం ఆపి, భూతద్దం పెట్టుకుని, వేలి నరాన్ని చుట్టుకున్న గడ్డను ఓపిగ్గా విడదీయాలి. పెద్ద ముడి ఊడి వచ్చాక టెండాన్ కింద పక్కపక్కన దాగిన గోధుమరంగు పలుకుల్ని వెతక్కపోతే, జబ్బు మళ్లీ మొలిచేది వాటిలోంచే.