ఏకస్ఫటిక నికెల్ మిశ్రలోహాలలో క్రీప్

అధిక ఉష్ణోగ్రత వద్ద నిరంతరం లాగబడే లోహం కాలక్రమేణా కొద్దికొద్దిగా సాగిపోవడాన్ని '''క్రీప్''' అంటారు. ఇంజనులోని టర్బైను బ్లేడు ఇలా సాగి చుట్టూ ఉన్న కవచాన్ని రాసుకుంటే ప్రమాదమే. హైదరాబాదులోని డి.ఎం.ఆర్.ఎల్. 2021లో హెలికాప్టరు ఇంజను కొరకు 60 ఏకస్ఫటిక బ్లేడులను హెచ్.ఏ.ఎల్.కు అందజేసింది.

ఏకస్ఫటికంలో రేణువుల సరిహద్దులు లేనందున వాటి వెంట జారుడు ఉండదు. అయితే అసలు బలం లోపలి నిర్మాణానిదే. గామా అనే నికెల్ మాతృకలో, సుమారు అర మైక్రోమీటరు ఉండే గామా ప్రైమ్ ఘనాలు (నికెల్, అల్యూమినియంల సమ్మేళనం) గోడలోని ఇటుకలవలె పేర్చి ఉంటాయి. వీటి వాటా దాదాపు 70 శాతం. ఇటుకల మధ్య సున్నం పాటిదే మాతృక. స్ఫటికంలోని స్థానభ్రంశాలు ఆ సన్నని సందులలోనే చిక్కుకొంటాయి. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ ఘనాలు లాగుడుకు లంబంగా పలకలుగా కలిసిపోతాయి (రాఫ్టింగ్). స్థానభ్రంశాలు పలకలను కోసుకొని పోయే దశలో సాగుదల వేగం పుంజుకొంటుంది. రీనియం కలిపితే పరమాణువుల వ్యాపనం మందగిస్తుంది; మోతాదు మించితే పెళుసు దశలు పుడతాయి.