చెవి ముందు, కన్ను వెనుక

ఎపిసోడ్‌లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా జగిత్యాల దిక్కు ఒగ్గుకథ రాత్రంతా నడిచేది. సదువు రానోళ్లు కూడా మల్లన్న కథ మొత్తం చెప్పేటోళ్లు. అంటే చెవితో చదవడం మనకు కొత్త కాదు.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. 1935లో బ్రిటన్‌లో, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం పుస్తకాలను రికార్డుల మీదికి ఎక్కించారు. తర్వాత క్యాసెట్, సీడీ, ఇప్పుడు ఫోన్. మన తెలుగులో ‘దాసుభాషితం’ యాప్ ఉంది.

కానీ ఉత్తగా వింటే అక్షరం రాదు. 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో సినిమా పాటల కింద అదే భాషలో అక్షరాలు వేశారు. తెలిసిన పాట కదా, కన్ను అక్షరం వెంట పోతుంది.

ఇక్కడ దోహాలో మా సైట్ తమ్ముడొకడు బిడ్డ పంపిన మెసేజ్‌లు నాతో చదివించుకునేవాడు. ఇంటి అప్పు సంగతి కూడా నా నోటితోనే వినాలి, తల దించుకునేవాడు. క్యాంపు బస్సులో ఎపిసోడ్ వింటూ, ఈ పేజీలో అవే మాటల మీద వేలు పెట్టి చూడమన్నాను. ఏడాది పట్టింది. మొన్న మెసేజ్ వస్తే ఫోన్ నాకు ఇయ్యలేదు. పక్కకు పోయి తనే చదువుకున్నాడు.

మీ రూములో అట్లాంటి తమ్ముడుంటే ఈ పేజీ తెరిచి ఇవ్వండి.