గిండీ గోల్ఫు మైదానం – ఒక కౌలు కథ

గోల్ఫు నేనెన్నడూ ఆడలేదు. అయినా మదరాసు జింఖానా క్లబ్బు వారి మైదానమంటే నాకు మక్కువ. 1884లో పుట్టిన ఆ క్లబ్బు గోల్ఫు ఆట గిండీలో, గుర్రప్పందేల బాట లోపలి నేలమీద సాగేది. చుట్టూ గుర్రాలు, నడుమ బంతి! స్టాండ్లలో కూర్చున్నవారికి ఆ చివర పరుగెత్తే గుర్రం కనబడాలి కదా. అందుకని గుట్టలూ గుబురు తోపులూ అక్కడ పనికిరావు. చదును నేల మీద ఇసుక బంకర్లూ సముద్రపు గాలే ఆటగాణ్ణి పరీక్షించాలి.

బ్యాంకువాణ్ణి గనుక నా చూపు పత్రాల మీదికే పోతుంది. 1945లో ప్రభుత్వం రేసుక్లబ్బుకు 160 ఎకరాల 86 సెంట్ల భూమిని 99 ఏళ్లకు కౌలుకిచ్చింది. ఏటికి అద్దె 614 రూపాయల 13 అణాలు! దేశంలో అణాలు పోయినా ఆ అంకె మాత్రం పోలేదు. 1970 నుంచి అద్దె పెంచామని ప్రభుత్వం, చెల్లదని క్లబ్బు; దశాబ్దాలు వ్యాజ్యంలోనే గడిచాయి. బాకీ 730 కోట్లు దాటిందని లెక్కగట్టి, 2024 సెప్టెంబరులో కౌలు రద్దు చేసి ప్రభుత్వం భూమిని స్వాధీనం చేసుకుంది. గోల్ఫు మైదానమూ ఆ భూమిలోదే.

వేళచ్చేరి వరదలో మోకాలి లోతు నీళ్లలో ఇంటికి నడిచినవాణ్ణి నేను. అక్కడ వాననీటికి చెరువులు తవ్వుతున్నారంటే వద్దనడానికి నోరు రాలేదు. బస్సు అటుగా పోయేటప్పుడు మాత్రం ఇప్పటికీ కిటికీ పక్కనే కూర్చుంటాను.