ఓఎస్ మారితే మన తెలుగు కీబోర్డు ఎక్కడుంటుంది?

విండోస్ నుంచి ఉబుంటుకి మారినప్పుడు నేను మొట్టమొదట వెతికింది తెలుగు కీబోర్డు. రెండు నిమిషాల్లో దొరికింది. కానీ ఒకప్పుడు ఇది ఇంత తేలిక కాదు. ఆ కథే ఈ ఎపిసోడ్.

1990లలో తెలుగులో ఏదైనా అచ్చు వేయించాలంటే డీటీపీ సెంటరుకి వెళ్ళాల్సిందే. శుభలేఖ అయినా, కరపత్రం అయినా అంతే. అప్పట్లో ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో పద్ధతి. కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, ఫాంటు వాటిని తెలుగు ఆకారంలో చూపించేది. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో అదే ఫైల్ తెరిస్తే? అన్నీ పిచ్చి అక్షరాలే! అంటే సిస్టమ్ మారితే టూల్ ఒక్కటే కాదు, రాసుకున్నది కూడా పోయినట్టే.

దీనికి రెండు పరిష్కారాలు వచ్చాయి. మొదటిది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. 1980లలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని ప్రమాణంగా తెచ్చింది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. 'కె' కీ నొక్కితే తెలుగులో క, హిందీలోనూ క, కన్నడలోనూ క. 'డి' కీ పొల్లు. కాబట్టి 'క్క' కావాలంటే కె, డి, కె కొడితే చాలు.

రెండోది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు అక్షరాలకి సొంత నంబర్లు దక్కాయి. అయినా మన దాకా రావడానికి టైం పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఉంది గానీ, కంట్రోల్ ప్యానెల్‌లో వెతికి ఒక టిక్ పెట్టాలి. అది తెలియనివాళ్ళకి అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి.

ఇప్పుడో? విండోస్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్' కింద, ఉబుంటులో 'కీబోర్డ్' కింద తెలుగు ఉంటుంది. మెనూ పేర్లు వేరు, అక్షరాల చోట్లు మాత్రం అవే. భాష మార్చడానికి రెండింటిలోనూ విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కడమే. నా వేళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

ఒక కంపెనీ సొంతంగా పెట్టుకున్న పద్ధతి ఆ కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. అందరూ ఒప్పుకున్న ప్రమాణం మనతో పాటు వస్తుంది. మీరు పంపిన తెలుగు మెసేజ్ అవతలివాళ్ళ ఫోన్ ఏదైనా సరిగ్గా కనిపిస్తోందంటే కారణం అదే.

చివరగా ఒక మాట. మీ తాతగారు రాసుకున్న జ్ఞాపకాలో, మీ ఊరి చరిత్రో పాత ఫాంట్ల ఫైళ్ళలో ఉండిపోయిందా? ఆ ఫాంటు ఇంకా దొరుకుతుండగానే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చేయండి. ఫైల్ ఉండి కూడా చదవలేకపోతే, అది లేనట్టే కదా! మళ్ళీ కలుద్దాం.