సిజేరియన్ తర్వాత మామూలు కాన్పు: ఒక పాత మాట చరిత్ర, ఒక బస్తర్ ప్రశ్న

"ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే" అనే మాట మన ఇళ్ళలో శాస్త్రవాక్యంలా చలామణీ అవుతోంది. చెప్పేవాళ్ళలో అత్తగార్లున్నారు, పక్కింటివాళ్ళున్నారు, డాక్టర్లూ ఉన్నారు. ఏ మాటనైనా ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ ఆధారంతో అన్నారు అని అడగడం హేతువాదికి అలవాటు. ఈ మాటకు పుట్టిన సంవత్సరం ఉంది, రాసిన మనిషి ఉన్నాడు. ఆ చరిత్ర తెలిస్తే హైదరాబాదులో కొంత డబ్బూ కొంత బాధా తప్పుతాయి. మనకు ఆనుకునే ఉన్న బస్తర్‌లో అయితే ప్రాణమే దక్కవచ్చు. అది ఎలాగో చివర చెబుతాను.

ముందు మన ప్రాచీన గొప్పల సంగతి తేల్చుకుందాం. సుశ్రుత సంహితలోనే సిజేరియన్ ఉందని తరచు వింటుంటాం. అందులో ఉన్నది, చనిపోయిన గర్భిణి కడుపులో బిడ్డ కదులుతుంటే కోసి తీయమన్న సూచన. హేమచంద్రుడు రాసిన జైన గ్రంథం పరిశిష్టపర్వంలో చాణక్యుడు రాణి కడుపు కోయించి బిందుసారుణ్ణి తీయించిన కథ ఉంది. అక్కడా తల్లి విషంతో చనిపోతుంది. జూలియస్ సీజర్ అలా పుట్టాడన్నది కూడా కట్టుకథే. అతని తల్లి అరేలియా కొడుకు పెద్దవాడై యుద్ధాలు చేసేదాకా బతికే ఉంది. తల్లి బతకని ఆపరేషన్‌కు "మరి రెండో కాన్పు ఎలా?" అన్న ప్రశ్నే రాదు కదా!

ఆ ప్రశ్న వయసు నూట యాభై ఏళ్ళకు లోపే. అంతకుముందు కోసిన గర్భసంచిని సాధారణంగా కుట్టకుండానే వదిలేసేవారు. రక్తం పోయో, చీము పట్టో ఎక్కువమంది చనిపోయేవారు. 1876లో ఇటలీలోని పావియాలో ఎడ్వర్డో పోరో అనే డాక్టరు బిడ్డతోపాటు గర్భసంచినీ తీసేసి తల్లిని బతికించాడు. 1882లో లైప్‌జిగ్‌లో మాక్స్ సేంగర్ గర్భసంచిని పొరలుగా కుట్టే పద్ధతిని ప్రకటించాడు. గర్భసంచి మీద కుట్టుతో బతికి, మళ్ళీ గర్భం దాల్చే ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది ఆ తర్వాతనే.

ఇక ఆ మాట. 1916లో న్యూయార్క్ డాక్టరు ఎడ్విన్ క్రేగిన్ ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసంలోది. కుట్టు ఎంత బాగా వేసినా తర్వాతి నొప్పులకు అది నిలబడుతుందన్న భరోసా లేదు, కాబట్టి అవసరం లేకుండా మొదటి ఆపరేషన్ చేయకండి అని ఆయన తోటి డాక్టర్లను హెచ్చరించాడు. ఆ వాదనలో భాగంగానే ఈ మాట వాడాడు. మినహాయింపులు చాలా ఉంటాయనీ, తన పేషెంటే ఒకామె సిజేరియన్ తర్వాత ముగ్గురు పిల్లల్ని ఇబ్బంది లేకుండా కన్నదనీ అక్కడే రాశాడు. లోకం ఆ మినహాయింపుల్ని వదిలేసి మాటను మాత్రం పట్టుకుంది. మొదటి కోతకు బ్రేకు వేయడానికి అన్న మాట రెండో కోతకు లైసెన్సు అయి కూర్చుంది. మత గ్రంథాల విషయంలో ఇలాంటివి చాలా చూశాం, వైద్యంలోనూ జరుగుతాయన్నమాట.

క్రేగిన్ నాటి పరిస్థితులు కూడా గుర్తుంచుకోవాలి. అప్పట్లో సిజేరియన్ చేయడానికి ముఖ్య కారణం రికెట్స్ వల్ల కటి ఎముకలు ఇరుకుగా ఉండటం. ఆ కారణం రెండో కాన్పుకూ అలాగే ఉంటుంది. ఈనాటి ఆపరేషన్లలో చాలావాటికి కారణాలు బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండటం, బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా రావడం వంటివి. అవి రెండోసారి ఉండాలని లేదు. పైగా ఆనాటి కోత గర్భసంచి పై భాగంలో నిలువుగా ఉండేది. నొప్పుల సమయంలో గట్టిగా ముడుచుకునే కండరం అదే. 1920లలో గ్లాస్గో డాక్టరు మన్రో కెర్, కింది పలుచని భాగంలో అడ్డంగా కోయడాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు దాదాపు అందరూ చేసేది ఇదే. తేడా అంకెల్లో చూడండి. పాత నిలువు కోతతో నొప్పులకు పోతే గర్భసంచి చిట్లే ప్రమాదం వెయ్యికి 40 నుంచి 90 దాకా ఉంటుందని అంచనా. కింది అడ్డకోతతో అది వెయ్యికి సుమారు 5 నుంచి 7. అమెరికాలో దాదాపు 18 వేలమంది మీద జరిగి 2004లో వెలువడిన పెద్ద అధ్యయనంలో వెయ్యికి 7 అని తేలింది. మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్ళలో నూటికి 73 మందికి ఆపరేషన్ లేకుండానే కాన్పయింది. అయితే కడుపు పైన కనిపించే మచ్చను చూసి లోపలి కోత ఎటుందో చెప్పలేం. ఈ సంగతితో మళ్ళీ పని పడుతుంది.

అమెరికావాళ్ళు దీన్ని ఊయలలా ఊపారు. 1980లో వాళ్ళ జాతీయ ఆరోగ్య సంస్థ సదస్సు మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చంది. 1996 నాటికి పాత సిజేరియన్ ఉన్నవాళ్ళలో నూటికి 28 మంది అలా కన్నారు. అందరికీ అదే అనడంతో, నొప్పులు తెప్పించే మందులు కూడా వాడటంతో ప్రమాదాలు జరిగాయి, కోర్టు కేసులు వచ్చాయి. 1999లో ప్రసూతి డాక్టర్ల సంఘం ఆపరేషన్ బృందం అక్కడికక్కడే సిద్ధంగా ఉండాలంది. చిన్న ఆసుపత్రులు తలుపులు మూసేశాయి, శాతం పదిలోపుకు పడిపోయింది. 2010లో మళ్ళీ కాస్త సడలించారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5! పొరుగునున్న ఛత్తీస్‌గఢ్‌లో 15.2. తెలంగాణ తల్లుల ఎముకలు గోదావరి దాటగానే మారిపోవు కదా. ముహూర్తం చూసి కడుపు కోయించుకోవద్దని 2022లో తెలంగాణ ఆరోగ్యమంత్రే బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. పంచాంగం పెట్టిన కోత అనండి, బిల్లు పెట్టిన కోత అనండి, గర్భసంచికి తేడా తెలియదు. 2017లో కరీంనగర్‌లో నర్సులకు మంత్రసాని విద్యలో శిక్షణ మొదలుపెట్టడం మాత్రం మెచ్చుకోవలసిన పని.

ఛత్తీస్‌గఢ్ అంకె తక్కువ కాబట్టి అక్కడ అంతా బాగుందనుకుంటే పొరపాటు. సగటు చాలా దాస్తుంది. ఆ రాష్ట్రంలోనే ప్రైవేటులో 57, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 8.9. ఒకచోట అవసరానికి మించి కోస్తున్నారు, ఇంకోచోట అవసరమైనవాళ్ళకు అందుతోందా అన్నది అనుమానం. అడవిబిడ్డలు ఆసుపత్రి లేకుండానే సుఖంగా కంటారని నగరాల్లో కూర్చుని మురిసిపోయేవాళ్ళు చనిపోయిన తల్లుల్ని లెక్కలో వేసుకోరు.

బస్తర్ మనకు పరాయిది కాదు. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించాడని సంప్రదాయ కథనం. దక్షిణాన కుంట, భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది. పాత బస్తర్ జిల్లా ఒక్కటే 39 వేల చదరపు కిలోమీటర్లు, కేరళ కంటే పెద్దది. 1998 నుంచి విడగొడుతూ ఏడు జిల్లాలు చేశారు. జగదల్‌పూర్‌లో వైద్య కళాశాల వచ్చింది 2006లో. శబరి ఒడ్డునున్న కుంటకు జగదల్‌పూర్ కంటే భద్రాచలమే చాలా దగ్గర. అందుకే కష్టమైన కాన్పులు భద్రాచలం వస్తాయి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక వేలమంది ఇళ్ళు వదిలి గోదావరి ఇవతలి అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనవాళ్ళు వాళ్ళను గుత్తికోయలంటారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. కుంట దగ్గరి పల్లె నుంచి ఒకామెను భద్రాచలం తెస్తారు, సిజేరియన్ చేస్తారు. అది అవసరమైన ఆపరేషనే, తల్లీ బిడ్డా బతికారు. ఆమె కుట్టుతో తిరిగి వెళుతుంది. దారిలో చింతూరు. 2014 నుంచి అది ఆంధ్రప్రదేశ్. అంటే ఆమె మూడు రాష్ట్రాలు తొక్కింది. రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ గర్భం. వానాకాలం, వాగు పొంగింది, థియేటర్ ఎక్కడో ఉంది. ఇప్పుడు ఆమె ముందున్న ప్రశ్న మామూలు కాన్పా, సిజేరియనా అన్నది కాదు. ప్రణాళికతో మామూలు కాన్పా, ప్రణాళిక లేని మామూలు కాన్పా అన్నదే. రెండోదాంట్లో గర్భసంచి చిట్లితే చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

రక్షణ శాఖ పద్దులు చూసినవాణ్ణి, ఖర్చు ఒకచోట పడి బాధ్యత ఇంకోచోట తేలే లెక్కలు నాకు పరిచయమే. సిజేరియన్ అలాంటిదే. ఆపరేషన్ ఒక రాష్ట్రం రిజిస్టర్లో ముగిసిపోతుంది, రావచ్చు రాకపోవచ్చు అన్న అప్పు మాత్రం ఇంకో రాష్ట్రంలోని గుడిసెలో ఆమె ఒంట్లో నిలిచి ఉంటుంది. అలాగని ప్రతిసారీ కోస్తే తీరేదీ కాదు. కోతలు పెరిగినకొద్దీ మాయ పాత కుట్టులోకి చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది, అప్పుడు సీసాల కొద్దీ రక్తం కావాలి.

కాబట్టి రెండో కాన్పు ప్రణాళిక మొదటి ఆపరేషన్ బల్ల దగ్గరే మొదలవ్వాలి. ఎందుకు కోశారో, లోపల ఎటు కోశారో రాసిన కాగితం ఆమె చేతిలో ఉండాలి. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడాదిన్నరకు తగ్గని ఎడం ఉండాలి. మాయ పాత కుట్టు మీద ఉందేమో స్కానింగులో చూడాలి. నొప్పులు త్వరగా రావాలని ఊళ్ళో ఎవరో పొడిచే ఇంజెక్షన్ కుట్టున్న గర్భసంచికి చాలా ప్రమాదం. మత్తు డాక్టరూ రక్తమూ ఉన్న ఆసుపత్రి దగ్గరికి నెల నిండకముందే చేరి, నొప్పులు వచ్చేదాకా అక్కడే ఉండాలి. విజయనగరం వైపు సాలూరులో కొండ గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది ఇలాంటి అవసరానికే.

ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి మితానిన్‌లు ఉన్నారు, ఆశా కార్యకర్తల కంటే ముందే. ఇల్లిల్లూ తెలిసినవాళ్ళు. మితానిన్ చేతికి డిశ్చార్జి కాగితం వస్తే ఆమె వెతకాల్సింది "ఎల్‌ఎస్‌సీఎస్" అన్న నాలుగక్షరాలు, అంటే కింది భాగపు కోత. ఆ అక్షరాలుంటే ప్రమాదం వెయ్యికి అయిదో ఏడో. అవి లేకపోయినా, కాగితమే వాన నీళ్ళలో నానిపోయినా, ఆమెను ముందుగా జగదల్‌పూర్‌కో భద్రాచలానికో చేర్చి అక్కడి డాక్టర్ల చేత తేల్చుకోవాలి.